గోలీల లెక్కలో కోనేరు హంపి

మంగళగిరి కొండ మెట్లెక్కి, పానకాలస్వామి గుడి దగ్గర ఒక్క క్షణం ఆగి ఊపిరి పీల్చుకోండి. కింద ఊళ్ళో పెద్దగుడి గాలిగోపురం కనబడుతుంది. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. ఉత్తరంగా పోయి కృష్ణ దాటితే బెజవాడ. నైరుతి దిక్కుగా పత్తిచేలూ మిరపచేలూ దాటుకుంటూ పోతే గుంటూరు. మీరు నిలబడ్డ చోటు ఈ రెంటికీ నడుమ ఉంది.

ఈ చుట్టుపక్కల 1986కీ 1991కీ మధ్య ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ చదరంగంలో అన్నిటికన్నా పెద్ద బిరుదైన గ్రాండ్‌మాస్టర్ బిరుదు సంపాదించారు. గుంటూరులో పుట్టిన పెంటల హరికృష్ణకు అది 2001లో వచ్చింది. గుంటూరు జిల్లా అమ్మాయే అయిన ద్రోణవల్లి హారికకు 2011లో వచ్చింది. గుడివాడలో పుట్టి బెజవాడలో పెరిగిన కోనేరు హంపికి 2002లో వచ్చింది. ఇదేదో నేల మహిమ అనుకునేరు! నేల మహిమ మిరపకాయలకు ఉంటే ఉండవచ్చు గాని చదరంగానికి ఉండదు.

ఈ ముగ్గురిలో హంపి కథ ఈ నెల చెప్పుకుందాం. ఆ కథలో ఒక అంకె పదే పదే అడ్డం వస్తుంది: 2606. పరుగుపందెంలో ఎన్ని సెకండ్లలో పరుగెత్తాడో చెబుతారు. ఎత్తు దూకినవాడికి ఎన్ని మీటర్లు దూకాడో చెబుతారు. చదరంగం ఆడేవాళ్ళకు మాత్రం 1450 అనో, 2606 అనో ఒక అంకె చెబుతారు. ఏ కొలబద్ద పెట్టి కొలిచారు? దేన్ని కొలిచారు? ఇది తెలియకపోతే హంపి ఏం సాధించిందో సగమే అర్థమవుతుంది.

రష్యా వాసన ఉన్న పేరు

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. హంపి అనగానే మీకు తుంగభద్ర ఒడ్డున విజయనగర రాజుల శిథిలాలు గుర్తుకొస్తాయి. ఈ హంపి ఆ హంపి కాదు. 1987 మార్చి 31న పాప పుట్టినప్పుడు తండ్రి కోనేరు అశోక్ గారు 'చాంపియన్' అనే మాటలోంచి ఈ పేరు తీశారు. ఆయన స్వయంగా చదరంగం ఆటగాడు. కొన్నాళ్ళకు ఇంగ్లీషులో ఆ పేరు రాసే అక్షరాలు మార్చారు. 'ఎ' తీసి 'యు' పెట్టారు, చివరి 'ఐ' తీసి 'వై' పెట్టారు. రష్యా పేరులాగా వినబడాలని! తెలుగులో రాస్తే రెండూ ఒకటే. అందుకని ఆ మార్పు మనకు కనబడనే కనబడదు.

రష్యా పేరే ఎందుకు? ఆ రోజుల్లో చదరంగమంటే సోవియట్ యూనియనే. 1948లో బోత్విన్నిక్ ప్రపంచ చాంపియన్ అయింది మొదలు, మధ్యలో అమెరికా వాడైన ఫిషర్ ఏలిన మూడేళ్ళు (1972-75) తప్ప, కిరీటం ఆ దేశం దాటి పోలేదు. ఆడవాళ్ళ కిరీటం 1950 నుంచి 1991 దాకా ఒక్కసారైనా దాటలేదు. హంపి పుట్టిన నాటికి మగవాళ్ళలో కాస్పరోవ్, ఆడవాళ్ళలో మాయా చిబుర్దనీద్జె చాంపియన్లు. అప్పటికి మన దేశంలో ఎంతమంది గ్రాండ్‌మాస్టర్లున్నారో తెలుసా? ఒక్కరూ లేరు. విశ్వనాథన్ ఆనంద్ మన మొట్టమొదటి గ్రాండ్‌మాస్టర్ అయింది ఆ మరుసటి ఏడాది, 1988లో. ఆ ఆనంద్ కూడా చిన్నప్పుడు మద్రాసులో సోవియట్ సాంస్కృతిక కేంద్రంవారి తాల్ చెస్ క్లబ్బులోనే ఆటకు పదును పెట్టుకున్నాడు.

మన వైపు వాళ్ళకు రష్యా పేర్లు కొత్తవేమీ కావు. మాస్కోలో తెలుగులో అచ్చయిన పుస్తకాలు బెజవాడ విశాలాంధ్రలో చవగ్గా దొరికేవి. ఇవాన్లూ నటాషాలూ మన పిల్లలకు పక్కింటి వాళ్ళంత బాగా తెలుసు. కాబట్టి బెజవాడ తండ్రి ఒకాయన కూతురి పేరుకు రష్యా సొగసు అద్దాడంటే అది మరీ విడ్డూరమేమీ కాదు.

అయితే పేరు పెట్టినంత మాత్రాన సోవియట్ బడి వచ్చి బెజవాడలో వాలదుగా! అక్కడ పిల్లలకు పయొనీరు భవనాల్లో చదరంగం గదులుండేవి, జీతాలు తీసుకునే శిక్షకులుండేవారు. బోత్విన్నిక్ నడిపిన బడిలోంచే కార్పోవ్, కాస్పరోవ్, క్రామ్నిక్ వచ్చారు. ముగ్గురూ ప్రపంచ చాంపియన్లయ్యారు. ఇక్కడ హంపికి బడీ, భవనమూ, శిక్షకుడూ అన్నీ నాన్నే. ఆయన ఉద్యోగం మానుకుని కూతురికి ఆట నేర్పటానికి కూర్చున్నారు. ఒక మధ్యతరగతి ఇంట్లో ఇది చిన్న పందెం కాదు. అమ్మాయి ఓ నాలుగేళ్ళు ఆడి విసుగెత్తి మానేస్తే ఏమయ్యేది? ఆ మాట ఆ రోజుల్లో ఎంతమంది అనుకుని ఉంటారో మీరే ఊహించుకోండి.

అమ్మాయి మానెయ్యలేదు. 1997లో పదేళ్ళ లోపు ఆడపిల్లల ప్రపంచ పోటీలో గెలిచింది. 1998లో పన్నెండేళ్ళ లోపు, 2000లో పధ్నాలుగేళ్ళ లోపు పోటీల్లో గెలిచింది. 2001లో ఇరవయ్యేళ్ళ లోపు వాళ్ళ పోటీలో ప్రపంచ జూనియర్ బాలికల చాంపియన్ అయింది. అప్పటికి ఆమె వయసు పధ్నాలుగు. ఈ పతకాల జాబితాలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోచేది మాత్రం వేరే ఉంది. 1999లో అహమ్మదాబాదులో ఆసియా పోటీలు జరిగాయి. పన్నెండేళ్ళ లోపు విభాగంలో హంపి ఆడపిల్లల గుంపులో కూర్చోలేదు. మగపిల్లల్తో కలిసి ఆడింది, గెలిచింది. ఇది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే మనం గోలీలాటకు పోవాలి.

పందెం ఎంత కాయాలి?

మీ వీధిలో రాముడు గోలీలాటలో గట్టివాడు, సోముడు కొత్తవాడు అనుకుందాం. చెరి పది గోలీలు పందెం కాద్దామంటే సోముడు ఒప్పుకోడు. "నువ్వు పదిహేను పెట్టు, నేను అయిదు పెడతా" అంటాడు. కుప్పలో 20 గోలీలు. గెలిచినవాడు మొత్తం ఎత్తుకుపోతాడు. ఇది న్యాయమైన పందెమేనా? నాలుగాటలు ఆడితే రాముడు మూడు గెలిచి ఒకటి ఓడేవాడైతే న్యాయమే. మూడుసార్లు అయిదేసి చొప్పున 15 లాభం, ఒకసారి 15 నష్టం. సరికి సరి.

చిక్కేమిటంటే, రాముడు నాలుగింట మూడు గెలుస్తాడని ముందుగా ఎవరికి తెలుసు? బియ్యాన్ని తూచినట్టు ఆటబలాన్ని తూచే కాటా లేదు. గుంటూరు మిరప యార్డులో బస్తాని కాటా మీద పెడితే బరువు తెలుస్తుంది గాని కారం తెలియదు. కారం తెలియాలంటే ఒక కాయను ఇంకో కాయతో పోల్చి చూడాలి. ఆటబలమూ అంతే. ఇంకొకడితో ఆడితేగాని బయటపడదు.

ఈ చిక్కు విప్పినవాడు అర్పాద్ ఈలో. 1903లో హంగరీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, అక్కడ మిల్వాకీ నగరంలో భౌతికశాస్త్రం బోధించిన ప్రొఫెసరు. చదరంగమూ బాగా ఆడేవాడు. అమెరికా చదరంగ సమాఖ్య 1960లో ఆయన పద్ధతిని తీసుకుంది. 1970లో అంతర్జాతీయ సమాఖ్య, అంటే 'ఫిడే', తీసుకుంది. ఆ అంకెనే రేటింగ్ అంటున్నాం.

ఈలో ఉపాయం ఇది. ఒక్కొక్కడి దగ్గర ఉన్న గోలీల సంఖ్యే వాడి బలం అనుకుందాం. ఇద్దరి గోలీల తేడానుబట్టి ఎవరు ఎంత పందెం కాయాలో తేలుద్దాం. సోముడు మనం అనుకున్నదానికన్నా గట్టివాడైతే ఏమవుతుంది? తన వంతు కన్నా ఎక్కువసార్లు గెలుస్తాడు. వాడి గోలీలు పెరుగుతాయి, రాముడివి తగ్గుతాయి, తేడా కుంచించుకుపోతుంది. మరుసటి ఆటలో పందెం దానంతట అదే మారిపోతుంది. లెక్క తన తప్పును తానే దిద్దుకుంటుందన్నమాట! మొదట వేసిన అంచనా తప్పయినా ఫరవాలేదు. ఆడుతూ పోతే సర్దుకుంటుంది.

పందెం వాటా కట్టటం పదో తరగతి లెక్కే. ఇద్దరి రేటింగుల తేడా 400 అనుకోండి. 400ను 400తో భాగిస్తే 1. పదిని ఒకటో ఘాతానికి ఎక్కిస్తే 10. దానికి 1 కలిపితే 11. ఒకటిని 11తో భాగిస్తే సుమారు 0.09. బలహీనుడు కుప్పలో వెయ్యాల్సిన వాటా నూటికి 9, బలవంతుడిది 91. తేడా 200 అయితే? 200ను 400తో భాగిస్తే అర. పదిని అర ఘాతానికి ఎక్కించటమంటే పదికి వర్గమూలం కట్టటమే: 3.16. ఒకటి కలిపితే 4.16. ఒకటిని దానితో భాగిస్తే 0.24. అంటే నూటికి 24, 76. ఇంచుమించు సోముడు అడిగిన అయిదూ పదిహేనే! తేడా సున్నా అయితే వాటా చెరిసగమని మీరే కట్టి చూసుకోండి. ఫిడే వాళ్ళు వాడే పట్టికలో కొన్నిచోట్ల చివరి అంకె ఒకటి అటూ ఇటూ ఉంటుంది, దానికి మనం కంగారుపడక్కర్లేదు.

కుప్ప ఎంత? మామూలు ఆటగాళ్ళకు 20. బాగా కొత్తవాళ్ళకు 40, వాళ్ళ అంకె త్వరగా కుదురుకోవాలని. 2400 దాటినవాళ్ళకు 10, వాళ్ళ అంకె చీటికీ మాటికీ ఊగకూడదని.

ఆట డ్రా అయితే? పానకాలస్వామి దగ్గర చూశారుగా! బిందెడు పానకం పోస్తే సగం స్వామికి, సగం మనకు. ఇక్కడా అంతే. కుప్పను చెరిసగం పంచుకుంటారు. ఇదే తమాషా. 20 గోలీల కుప్పలో సోముడు వేసింది 4.8. డ్రా చేస్తే చేతికొచ్చేది 10. ఓడకపోవటమే వాడికి 5.2 లాభం. రాముడు వేసింది 15.2, చేతికొచ్చేది 10. ఓడకపోయినా 5.2 నష్టం.

ఇప్పుడు హంపి దగ్గరికి వద్దాం. 2007 అక్టోబరులో ఆమె రేటింగ్ 2606. ఆమె ఎదుట 2406 వాడు కూర్చున్నాడనుకోండి. వాడు సామాన్యుడు కాడు, మన జిల్లాలన్నీ గాలించినా అలాంటివాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే దొరుకుతారు. కుప్ప 10. హంపి వాటా 7.6, అతనిది 2.4. హంపి గెలిస్తే వచ్చేది 2.4. డ్రా అయితే 2.6 పోతుంది. ఓడితే 7.6 పోతుంది. అయిదారు గంటలు మెదడు చిలికి గెలిచిన మూడాటల సంపాదన ఒక్క ఓటమిలో కొట్టుకుపోతుంది! పై మెట్ల మీద నిలబడటమే ఎంత పనో చూశారా?

ఒకే వీధిలో ఆడుకుంటే

ఇంకో చిక్కుంది. పది మంది పిల్లలు ఒక్క వీధిలోనే ఆడుకుంటున్నారు. గోలీలు చేతులు మారతాయి గాని మొత్తం మారదు. ఆ వీధిలో మొదటివాడెవడో తెలుస్తుంది. కాని పక్క వీధి మొదటివాడికన్నా వీడు గట్టివాడా? ఆ లెక్కలో ఎంత వెతికినా జవాబు దొరకదు. ఎవడో ఒకడు వీధి దాటి వెళ్ళి అక్కడ ఆడాలి.

చదరంగంలో ఆడవాళ్ళకు ప్రత్యేకంగా పోటీలున్నాయి, ప్రత్యేకంగా బిరుదులున్నాయి. 'మహిళా గ్రాండ్‌మాస్టర్' బిరుదుకు 2300 రేటింగ్ చాలు. 'గ్రాండ్‌మాస్టర్' బిరుదుకు 2500 కావాలి. దానితోపాటు గట్టివాళ్ళు ఆడే మూడు పోటీల్లో 2600 స్థాయి ఆట చూపించాలి. ఆ బిరుదుకు ఆడా మగా తేడా లేదు. హంపి సంపాదించింది ఈ రెండోది. మూడో పోటీ 2002 మే నెలలో హంగరీ రాజధాని బుడాపెస్టులో పూర్తయింది. అప్పటికి ఆమె వయసు 15 ఏళ్ళ 1 నెల 27 రోజులు. అంత చిన్న వయసులో గ్రాండ్‌మాస్టర్ అయిన ఆడపిల్ల అప్పటిదాకా ప్రపంచంలోనే లేదు. అంతకుముందు ఆ రికార్డు హంగరీ అమ్మాయి యూదిత్ పోల్గార్‌ది. హంపి దాన్ని మూడు నెలల తేడాతో దాటింది, అదీ పోల్గార్ సొంత ఊళ్ళో. 2008లో చైనా అమ్మాయి హౌ ఇఫాన్ దాన్ని మళ్ళీ దాటింది.

పోల్గార్ చిన్ననాటి నుంచీ ఆడవాళ్ళ పోటీల జోలికి పోవటం బహు తక్కువ. మగవాళ్ళ మధ్యనే ఆడి 2735 దాకా ఎక్కింది. ప్రపంచంలో ఎనిమిదో స్థానం అందుకుంది. 2007లో హంపి 2600 దాటేదాకా ఆ గీత దాటిన ఆడమనిషి పోల్గార్ ఒక్కతే. ఇప్పుడు మీకు 2606 అర్థమై ఉండాలి. అది ఒక వీధిలో పోగేసుకున్న గోలీల సంఖ్య కాదు, వీధులు దాటి తెచ్చినది. పన్నెండేళ్ళప్పుడు అహమ్మదాబాదులో చేసిన పనిని ఆమె ఆ తరవాత కూడా మానలేదు. 2009లో ఆమె రేటింగ్ 2623 దాకా వెళ్ళింది.

మరయితే పై మెట్టు మీద ఆడవాళ్ళు ఇంత తక్కువ మంది ఎందుకున్నారు? "వాళ్ళ మెదడుకు అది పట్టదు" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళనొక ప్రశ్న అడగండి. ఒకే చేలో కోసిన మిరపకాయలు గంపలో పది, బండిలో పదివేలు ఉన్నాయి. అన్నిటికన్నా పొడుగు కాయ ఎందులో దొరుకుతుంది? నూటికి తొంభైతొమ్మిది సార్లు బండిలోనే. గంపలో కాయలు పొట్టివి కావు, గంప చిన్నది, అంతే! చదరంగం ఆడే ఆడపిల్లల గంప ఇప్పటికీ చిన్నది. తేడా మొత్తం గంప వల్లనే వచ్చిందా, ఇంకేమైనా కలిసిందా అన్నదాని మీద పరిశోధకులు వాదించుకుంటున్నారు. కాని గంప సైజు చూడకుండా మెదడు గురించి మాట్లాడేవాడికి మాత్రం లెక్కలు రావని మీరు ధైర్యంగా చెప్పవచ్చు.

అంకె చూడనిది

2011లో హంపి మహిళల ప్రపంచ కిరీటం కోసం అల్బేనియా రాజధాని తిరానాలో హౌ ఇఫాన్‌తో ఆడింది. అయిదాటలు డ్రా అయ్యాయి, మూడాటలు హౌ ఇఫాన్ గెలిచింది. హంపి ఒక్కటీ గెలవలేదు. ఆమె కథలో ఇది పెద్ద దెబ్బ. ఆ కిరీటం ఆమెకు ఎన్నడూ దక్కలేదు.

తరవాత పెళ్ళయింది. 2017లో కూతురు పుట్టింది. 2016 నుంచి 2018 దాకా రెండేళ్ళ పాటు పోటీలకు దూరంగా ఉంది. ఆ రెండేళ్ళలో ఆమె రేటింగ్ ఏమయిందంటారు? ఏమీ కాలేదు. గోలీలాటకు రాని పిల్లవాడి గోలీలు ఇంట్లో డబ్బాలోనే ఉంటాయి కదా! ఏడాదిపాటు ఆడకపోతే జాబితాలో 'ఆటలో లేరు' అని గుర్తు పెడతారు, అంకె మాత్రం కదలదు. పసిబిడ్డతో నిద్ర లేని రాత్రులూ, మూలపడ్డ బల్లా, ఈలోగా తోటివాళ్ళు నేర్చిన కొత్త ఎత్తులూ దానికి కనబడవు. మళ్ళీ కూర్చుని ఆడితేనే ఆ అంకె నిజమో అబద్ధమో తేలుతుంది.

2018లో జార్జియాలోని బతూమిలో జరిగిన ఒలింపియాడులో హంపి మళ్ళీ బల్ల ముందు కూర్చుంది. 2019 సెప్టెంబరులో మాస్కో పక్కనున్న స్కోల్కొవోలో మహిళల గ్రాండ్ ప్రీ పోటీ గెలిచింది. ఆ డిసెంబరులో అదే మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ పోటీలు జరిగాయి.

ర్యాపిడ్ అంటే తొందర ఆట. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 10 సెకండ్లు కొసరు. దీనికి రేటింగ్ కూడా వేరే. ఇది కుర్రవాళ్ళ ఆట అని పేరు. హంపికి అప్పుడు 32 ఏళ్ళు. పన్నెండు రౌండ్లయ్యేసరికి ముగ్గురు తొమ్మిదేసి పాయింట్లతో సమంగా నిలిచారు. చైనా అమ్మాయి లేయ్ తింగ్‌జియేకూ హంపికీ మధ్య తేల్చుడు ఆటలు పెట్టారు, ఇంకా తక్కువ టైముతో. మొదటి ఆటలో హంపి గడియారం అయిపోయింది. బల్ల మీద పావులు ఎలా ఉన్నా సరే, టైము అయిపోతే ఓటమే. రెండో ఆట తప్పనిసరిగా గెలవాలి, గెలిచింది. మూడోది 'అర్మగెడాన్'. ఇందులో తెల్లపావులవారికి టైము ఎక్కువ ఇస్తారు, దానికి బదులు ఆట డ్రా అయితే నల్లపావులవారు గెలిచినట్టు. అంటే ఇక్కడ పానకం చెరిసగం పంచటం లేదన్నమాట, ఎవరో ఒకరు పూర్తిగా తాగాల్సిందే. ఆ ఆటా హంపిదే అయింది. ఒకప్పుడు రష్యా పేరులా ఉండాలని తండ్రి అక్షరాలు మార్చిన పేరు ఆ రాత్రి మాస్కోలో ప్రపంచ చాంపియన్ పేరుగా చదివారు.

అయిదేళ్ళకు, 2024 డిసెంబరులో, న్యూయార్కులో అదే పోటీ. హంపి మొదటి ఆటే ఓడింది. అక్కణ్ణుంచి లేచి పదకొండింట ఎనిమిదిన్నర పాయింట్లు తెచ్చుకుని, ఎవరితోనూ సమంగా కాక ఒంటరిగా మొదట నిలిచింది. ఈ కిరీటం రెండోసారి గెలిచినవాళ్ళు అప్పటికి చైనాకు చెందిన జూ వెన్‌జున్ తరవాత ఆమే. ఆ ఏడాదే బుడాపెస్టు ఒలింపియాడులో మన దేశపు రెండు జట్లూ బంగారు పతకాలు గెలిచాయి. ఆ జట్లలో గుంటూరు వాళ్ళిద్దరూ, హరికృష్ణా హారికా ఉన్నారు. హంపి ఆ జట్టులో లేదు.

2025 జూలైలో మళ్ళీ బతూమి. మహిళల ప్రపంచకప్పు ఫైనల్లో ఇద్దరూ మనవాళ్ళే. ఒకవైపు హంపి, 38 ఏళ్ళు. రెండోవైపు నాగపూరు అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్, 19 ఏళ్ళు, అంటే సరిగ్గా సగం. హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన నాటికి దివ్య పుట్టనైనా లేదు. రేటింగ్ హంపిదే ఎక్కువ. అంటే లెక్క ప్రకారం కుప్పలో ఎక్కువ గోలీలు వెయ్యాల్సింది హంపే. రెండు పెద్ద ఆటలూ డ్రా అయ్యాయి. ర్యాపిడ్‌లో మొదటిదీ డ్రాయే. రెండోది హంపి ఓడిపోయింది. ఆ గెలుపుతో దివ్య గ్రాండ్‌మాస్టర్ అయింది. మన దేశంలో ఆ బిరుదు పొందిన ఆడవాళ్ళలో నాలుగో మనిషి. మొదటి మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

మీ తరగతి జాబితా

ఇక మీ పని. ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ తరగతిలో చదరంగం వచ్చినవాళ్ళందరి పేర్లూ రాసి, ఒక్కొక్కరికీ 1000 చొప్పున వెయ్యండి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకటే జాబితా. కుప్ప 20. రోజూ జరిగిన ఆటలు రాసి, సాయంత్రం లెక్క కట్టండి. తేడా 50 అయితే వాటాలు నూటికి 57, 43. తేడా 100 అయితే 64, 36. తేడా 200 అయితే 76, 24. మధ్యలోవి మీరే కట్టుకోండి. చదరంగం బల్ల లేకపోతే గళ్ళ గుడ్డ చాలు. మంగళగిరిలో మగ్గాలకు కొదవా? ఎనిమిది గళ్ళు అటూ, ఎనిమిది ఇటూ ఉండాలి. ఒకటి ముదురు రంగు, ఒకటి లేతది. పావులకు గింజలో గుండీలో పెట్టుకోవచ్చు.

నెల్నాళ్ళయ్యాక జాబితా కింద అందరి అంకెలూ కూడండి. పదిమంది ఆడితే 10,000 రావాలి. రాకపోతే లెక్కలో ఎక్కడో తప్పుంది, వెతకండి. ఆ తరవాత పక్క తరగతి వాళ్ళ చేత కూడా ఇలాగే జాబితా రాయించి, మీ మొదటివాడినీ వాళ్ళ మొదటివాడినీ కూర్చోబెట్టండి. ఇద్దరికీ 1100 ఉన్నా ఆట సమంగా సాగుతుందేమో చూడండి. సాగకపోతే రెండు జాబితాల్లో దేన్ని, ఎంత, ఎలా సవరించాలో ఆలోచించండి.